ఖైదులో నేర్చుకున్న ఆనందం: ఫిలిప్పీ పత్రికలో సంతోషం, ఆత్మీయ ఎదుగుదల

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక మొదటి అధ్యాయం 25వ వచనంలో రెండు నామవాచకాలు జంటగా కనిపిస్తాయి. ఒకటి ‘ప్రొకొపే’, రెండోది ‘ఖరా’. తెలుగు బైబిలు వాటిని అభివృద్ధి, ఆనందం అని అనువదించింది. తాను ఇంకా బతికి ఉండటం ఆ సంఘానికి ఎందుకు అవసరమో చెబుతూ పౌలు ఈ మాటలు వాడాడు. తెలుగులో చదివితే ఇవి పక్కపక్కనే పెట్టిన రెండు వేర్వేరు వరాల్లా అనిపిస్తాయి. గ్రీకు మూలంలో మాత్రం రెండింటికీ కలిపి ఒకే ఉపపదం (ఆర్టికల్) ఉంది. తెలుగుకు ఉపపదాల అలవాటు లేదు గనుక అనువాదంలోకి అది దిగదు. ఒకే ఉపపదం కింద రెండు పేర్లు వచ్చినంత మాత్రాన రెండూ ఒకటేనని తేల్చేయడానికి వ్యాకరణం ఒప్పుకోదు. అయితే రాసినవాడి మనసులో అవి విడివిడిగా లేవని అనుకోవడానికి మాత్రం గట్టి ఆధారమే.

మన సంఘాల్లో ఈ రెండింటినీ విడదీసి మాట్లాడటం అలవాటైంది. ఆత్మీయ ఎదుగుదల అంటే ఉపవాసం, ప్రార్థన, వాక్యధ్యానం. అది మనిషి పడవలసిన శ్రమ. సంతోషం అంటే ఆ శ్రమకు దేవుడిచ్చే ప్రతిఫలం. సాక్ష్యపు కూడికల్లో నిలబడి మాట్లాడేవారు చాలామంది ఈ వరుసలోనే చెబుతారు: ప్రార్థించాను, వీసా వచ్చింది, సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం అబద్ధమని నేను అనను. కూలిచేసి చదివించిన కొడుక్కి ఉద్యోగం వచ్చిందని తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటే దాన్ని లోకసంబంధమైన సంతోషమని కొట్టిపారేయడం నిర్దయ. కానీ వీసా రాని ఇంటివాడు అదే కూడికలో వెనక వరుసలో కూర్చుని ఉంటాడు. అతని ఎదుగుదలలో లోపమున్నట్టా? ఆ ప్రశ్నకు ఫిలిప్పీ పత్రిక ఇచ్చే జవాబును దాని మాటల్లోంచే వెతకడం ఈ వ్యాసం పని.

పత్రిక చిన్నది. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. అందులో ‘ఖరా’ అనే నామవాచకం 5 సార్లు, ‘ఖైరో’ అనే క్రియ 9 సార్లు, ‘సున్‌ఖైరో’ అనే సమాసక్రియ 2 సార్లు, మొత్తం 16 సార్లు సంతోషం ప్రస్తావనకు వస్తుంది. రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడు. ఆ చెర రోములోదా, ఎఫెసులోదా, కైసరయలోదా అనే చర్చ పండితుల్లో ఇంకా తెగలేదు. సంప్రదాయం రోము వైపే మొగ్గింది. నా వాదానికి ఊరు ముఖ్యం కాదు, చెర ముఖ్యం. ఆ కాలపు ఖైదీకి తిండి, బట్ట చాలావరకు బయటున్న తనవాళ్లే చూసుకోవాలి. ఎవరూ లేనివాడికి ఆకలే దిక్కు. కాబట్టి ఫిలిప్పీ నుంచి ఎపఫ్రొదితు తెచ్చిన కానుకను ఇవాళ మనం గాజుపెట్టెలో వేసే కానుకలా ఊహించుకోకూడదు. పౌలుకు అది పొయ్యి మీద కుండ.

ఆ కానుకకు కృతజ్ఞత చెప్పే నాలుగో అధ్యాయంలోనే పౌలు తన సంతృప్తి సంగతి ఎత్తుతాడు. అక్కడ ఆయన వాడిన మాట ‘ఔతార్కెస్’. తనకు తానే చాలినవాడు అని దాని అర్థం. ఇది సంఘంలో పుట్టిన మాట కాదు, స్తోయికులనే తత్వవేత్తల బడిలో నలిగిన మాట. పైన చెప్పిన ‘ప్రొకొపే’ కూడా వారికి పరిభాషే. మూఢుడికీ జ్ఞానికీ మధ్య దారిలో ఉన్న సాధకుడి పురోగతిని వారు ఆ పేరుతోనే పిలిచేవారు. పౌలు సమకాలికుడైన స్తోయిక తత్వవేత్త సెనెకా, లుకీలియస్‌కు రాసిన 23వ లేఖలో సంతోషించడం నేర్చుకోమని సలహా ఇచ్చాడు. నిజమైన ఆనందం తేలిక వ్యవహారం కాదనీ, అది ఎవరికి వారి లోపల పుట్టాలనీ ఆయన బోధ. పౌలు కూడా నేర్చుకున్నాననే అంటాడు. సంతోషం స్వభావం కొద్దీ వచ్చేది కాదు, అభ్యాసంతో వచ్చేదని చెప్పడంలో ఇద్దరిదీ ఒకే మాట. ఇక్కడిదాకా చదివితే రోమన్ తత్వవేత్త, యూదు అపొస్తలుడు ఒకే అరుగు మీద కూర్చున్నట్టుంటుంది.

ఇద్దరూ విడిపోయే చోటు అదే అధ్యాయం 14వ వచనం. 13వ వచనాన్ని మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, పరీక్షలకు వెళ్లే పిల్లల పుస్తకాల అట్టల మీద చూస్తాం. ఏదైనా సాధించగలననే ధైర్యానికి గుర్తుగా దాన్ని వాడుకుంటాం. దాని ముందున్న వచనంలో ఆకలి ఉంది, లేమి ఉంది. దాని తర్వాతి వచనంలో ‘అయినా’ అనే మలుపు ఉంది. ఏ స్థితిలోనైనా ఉండగలనని చెప్పిన మనిషి, ఆ వెంటనే, నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అని ఒప్పుకుంటాడు. తనకు తానే చాలినవాడు ఈ మాట అనడు. ఆ పదాన్ని స్తోయికుల దగ్గర తీసుకుని, దాని గుండెకాయ మార్చేశాడు పౌలు. సెనెకా ఆనందం లోపలి బావిలో ఊరేది. పౌలు ఆనందంలో ఒక భాగం ఎపఫ్రొదితు భుజాన మోసుకుని, ప్రయాణం చేసి తెచ్చాడు.

ఈ మార్పు ఒక్క వచనానికి పరిమితమైంది కాదు. గ్రీకులో ‘సున్’ అనే ఉపసర్గకు కూడా, తోడు, జత అని అర్థం. ఫిలిప్పీ పత్రిక నిండా ఈ ఉపసర్గతో కట్టిన పదాలే. కృపలో తోటి భాగస్థులు, కలిసి పోరాడేవారు, ఏకమనస్కులు, జతపనివాడు, తోడి యోధుడు, కాడి కలిపినవాడు, శ్రమలో పాలివారు, వీటన్నింటికీ మూలంలో ‘సున్’ ఉంది. సంతోషానికి కూడా అది తగులుకుంది. రెండో అధ్యాయం 17, 18 వచనాల్లో పౌలు నేను సంతోషిస్తున్నాననడంతో ఆగడు, మీతో కూడా సంతోషిస్తున్నానంటాడు. మీరూ సంతోషించండి అనడంతో ఆగడు, నాతో కూడా సంతోషించండి అంటాడు. రెండు వచనాల్లో నాలుగు క్రియలు, అందులో రెండు జంటక్రియలు. ఇంత పట్టుదలగా ఒక మాటను తిప్పి తిప్పి చెప్పేవాడు దాన్ని అలంకారం కోసం వాడడు.

క్రైస్తవుడికి వ్యక్తిగత సంతోషం అనేదే లేదా అని ఇక్కడ అడగవచ్చు. ఉంది. ఫిలిప్పీ చెరసాల నాయకుడికి ఉంది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో అర్ధరాత్రి భూకంపం తర్వాత ఆ నాయకుడు ఖైదీల గాయాలు కడిగి, ఇంట్లో భోజనం పెట్టి, ఇంటివారందరితో కలిసి ఆనందించాడని లూకా రాశాడు. ఆ ఆనందం అతనిదే. కానీ అతను దాన్ని అనుభవించింది చేతిలో నీళ్లచెంబుతో, ఇంకొకరి వీపు ముందు. అగస్టీన్ కూడా 386లో సుఖజీవనం మీద తన తొలి గ్రంథాల్లో ఒకదాన్ని ఒంటరి ధ్యానంగా రాయలేదు. కసీకియాకుంలో, నవంబరు 13న తన పుట్టినరోజున మొదలుపెట్టి, తల్లి మోనికాతో, కొడుకుతో, అన్నదమ్ముల వరుసవారితో, శిష్యులతో మూడు రోజులు నడిపిన సంభాషణగా రాశాడు. ఇంట్లో మనుషుల మధ్య కూర్చుని మాట్లాడితేగాని ఆ విషయం తేలదని ఆయనకు తోచినట్టుంది.

ఇప్పుడు దుఃఖం సంగతి. ఈ పత్రికను ఆనందపత్రిక అని పిలవడం మనకు ఎంత అలవాటైందంటే, అందులో ఏడుపు ఉందని మరిచిపోతాం. ఎపఫ్రొదితుకు జబ్బు చేసింది, చావు దాకా వెళ్లాడు. తన జబ్బు కబురు ఫిలిప్పీలో తెలిసిపోయిందని అతను ఇంకా దిగులు పడ్డాడు. ఊరుకాని ఊళ్లో మంచం పట్టి, ఇంటి దగ్గర అమ్మ కంగారు పడుతుందేమోనని బెంగపడే కొడుకుల్ని కన్నవాళ్లం మనం. గల్ఫ్‌కు వెళ్లిన బిడ్డలున్న ప్రతి తెలుగు ఊరికీ ఈ బెంగ తెలుసు. అతను పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలు దాచుకోకుండా రాశాడు. అతన్ని వెనక్కి పంపుతూ, మీరు అతన్ని చూసి సంతోషిస్తారు, నాకూ దుఃఖం కాస్త తగ్గుతుంది అంటాడు. దుఃఖం పోతుందని అనడు. వాడిన పదం తారతమ్యాన్ని చెప్పేది, ‘తక్కువ దుఃఖం కలవాడు’ అని. మూడో అధ్యాయంలోనైతే ఏడుస్తూ చెబుతున్నానని నేరుగానే అంటాడు.

ఎప్పుడూ ఆనందించమని ఆజ్ఞాపించినవాడే ఏడుస్తున్నాడు. దీన్ని వైరుధ్యమని కొందరు, గొప్ప విశ్వాసమని కొందరు అంటారు. నాకు ఈ రెండు వివరణలూ చాలవు. పౌలు దృష్టిలో ఆనందం దుఃఖానికి ఎదురుగా నిలబడే భావోద్వేగం కాదు. ‘ఖరా’, ‘ఖారిస్’ అంటే ఆనందం, కృప. రెండూ ఒకే ధాతువు బిడ్డలు. కృతజ్ఞతకు ఆయన వాడే ‘యూఖరిస్తియా’ కూడా ఆ కుటుంబానిదే. అంతకన్నా ఆశ్చర్యమైనది మొదటి అధ్యాయం 29వ వచనం: క్రీస్తు కోసం శ్రమపడటం మీకు అనుగ్రహించబడింది అనే అర్థంలో పౌలు వాడిన క్రియ కూడా ఆ ధాతువులోంచే వచ్చింది. మొదట్లో వదిలేసిన వీసా రాని మనిషి సంగతికి జవాబు ఇక్కడే ఉంది. అతని లేమి కృప లేకపోవడానికి రుజువు కాదు. లేమి మంచిదని కూడా ఈ పత్రిక ఎక్కడా అనదు. పౌలు ఆకలిని పొగడలేదు, ఆకలిలో తనకు పాలివారు దొరికారని చెప్పాడు. వెనక వరుసలోని మనిషి ముందు సంఘం వెయ్యవలసిన ప్రశ్న నీ విశ్వాసం ఎంత అన్నది కాదు, నీ శ్రమలో మేము పాలుపంచుకున్నామా అన్నది.

పాలుపంచుకోవడం అనే ఈ మాటకు పౌలు లెక్కల భాష వాడాడు. ఇచ్చిపుచ్చుకోవడం, మీ ఖాతాకు చేరే ఫలం, పూర్తిగా ముట్టింది అని చెల్లు రాయడం. చివరిదానికి ఆయన వాడిన ‘అపెఖో’ అనే క్రియ ఆనాటి రసీదుల్లో కనిపించేదే. ఆ ‘ఖాతాకు చేరే ఫలం’లోనే ఎదుగుదల ఉంది. నాకు మీ కానుక అక్కర అని కాదు, మీ లెక్కలో ఫలం పెరగాలని కోరుతున్నానంటాడు పౌలు. అంటే ఇచ్చినవాళ్లు ఎదుగుతున్నారు, పుచ్చుకున్నవాడు ఆనందిస్తున్నాడు. మొదట్లో చూసిన ఒకే ఉపపదం కిందనున్న రెండు నామవాచకాలు ఈ లావాదేవీలో ఒక్కచోట కూడాయి.

తెలుగు నేలలో దీనికి సాక్ష్యం కావాలంటే దోర్నకల్ వైపు చూడాలి. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1909లో అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం విదేశీ మిషనరీలను నొప్పించింది. మీ త్యాగాలకు కృతజ్ఞులం, మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అన్నది దాని సారం. పెట్టే చేయి ఎప్పుడూ పైన, పుచ్చుకునే చేయి ఎప్పుడూ కింద ఉన్నచోట ‘సున్’ అనే ఉపసర్గకు చోటులేదని ఆయన గుర్తించారని నా అభిప్రాయం. తర్వాత తన అధ్యక్ష మండలంలో ఎక్కువమంది మాల మాదిగ కూలి కుటుంబాలవారే అయినా, ఇవ్వడం నుంచి వారిని మినహాయించలేదు. క్రైస్తవ దాతృత్వం మీద ఏకంగా పుస్తకమే రాశారు. పేదవాణ్ణి ఇవ్వనివ్వకపోవడం అతని మీద జాలి కాదు, అతన్ని ఎదగనివ్వకపోవడం.

మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు ఈ సంగతిని గ్రంథాల కంటే తేటగా చెబుతుంది. ఎసరు పెట్టేముందు ఇంటి ఇల్లాలు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తుంది. ఆదివారం దాన్ని మందిరానికి తెస్తుంది. ఆ పూట ఇంట్లో అన్నం ఒక పిడికెడు తగ్గినట్టే. ఆమెను సంతోషం అంటే ఏమిటని అడిగితే నిర్వచనం చెప్పదు. ఆ డబ్బా నిండినప్పుడు ముఖం చూడాలి.

‘ప్రొకొపే’ అనే మాట ముందుకు నరుక్కుంటూ పోవడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. తెలుగులో ఎదుగుదల అనగానే మొక్క గుర్తొస్తుంది. ఎండా వానా తగిలితే దానంతటదే పెరుగుతుంది. పౌలు మాటలో చేతిపని ఉంది, దారిలో అడ్డంకులున్నాయి. ఆ అడ్డంకుల్లో ఒకదాన్ని పత్రిక దాచలేదు. నాలుగో అధ్యాయం మొదట్లో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల పేర్లు వస్తాయి. సువార్త పనిలో పౌలుతో కలిసి పోరాడినవారు, ఇప్పుడు ఒకరితో ఒకరికి పడటం లేదు. ఏకమనసు కలిగి ఉండమని ఇద్దరినీ విడివిడిగా, పేరుపెట్టి బతిమాలాడు. సాయపడమని ఇంకొకరిని అడిగాడు. ఆ మాట ముగిసిన వెంటనే, మధ్యలో ఏమీ లేకుండా, ఆనందించండి అనే ఆ ప్రసిద్ధమైన ఆజ్ఞ వస్తుంది, రెండుసార్లు. క్రియ బహువచనంలో ఉంది. పత్రికను సంఘమంతటి ముందు బిగ్గరగా చదివే కాలమది. తమ పేర్లు అప్పుడే విన్న ఆ ఇద్దరూ ఆ ఆజ్ఞను అదే గదిలో, అందరితో కలిసి వినవలసి వచ్చింది.