రంబోల్డ్ దొరవారి బిరుదు, మన విశాఖ

శతవార్షికోత్సవ సంచికలో ఒక ఇంగ్లీషు కుటుంబపు వంశావళి ఎందుకని మన సంఘ పెద్దలలో కొందరు అడుగవచ్చును. అడుగవలసినదే. విశాఖపట్టణములో సువార్త పని చరిత్ర చెప్పునప్పుడు మనము 1805వ సంవత్సరముతో ప్రారంభిస్తాము. ఆ యేట లండన్ మిషనరీ సొసైటీవారు పంపగా జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు దైవసేవకులు ఇక్కడ దిగారు. అయితే వారు వచ్చేనాటికే తెల్లదొర అంటే ఎవరో ఈ ప్రాంతపు ప్రజలు చూచియున్నారు. వారు చూచిన దొరతనములో ఒకరి పాలు చాలా ఉన్నది. ఆయన సర్ థామస్ రంబోల్డ్, బారొనెట్.

ముందుగా ఈ బారొనెట్ అను మాట. ఇంగ్లండులో ‘సర్’ అనిపించుకొనే గౌరవము రెండు విధాలు. నైట్ బిరుదు పొందినవాని ప్రాణముతోనే పోతుంది. బారొనెట్ బిరుదు అట్లా కాదు. మన పక్క ఇనాము భూమి వలె తండ్రి నుండి పెద్ద కొడుకుకు, వానినుండి వాని కొడుకుకు దిగుతూ పోతుంది. ప్రభువుల సభలో స్థానము మాత్రము ఉండదు. 1611లో జేమ్స్ రాజు దీనిని ఏర్పరచినప్పుడు, ఐర్లండులో 30 మంది సైనికులను మూడేండ్లు పోషించుటకు సరిపడు 1,095 పౌండ్లు చెల్లించిన పెద్దమనుషులకు ఇచ్చాడు. పుట్టుకలోనే వెల కట్టిన గౌరవమన్నమాట.

థామస్ రంబోల్డ్ 1736లో జన్మించాడు. చిన్నతనముననే ఈస్టిండియా కంపెనీలో గుమాస్తాగా చేరి, సైన్యములోకి మారి, 1757లో క్లైవు క్రింద ప్లాసీలో పోరాడాడు. పాట్నాలో కంపెనీ అధికారిగా బాగా గడించి 1769లో స్వదేశము చేరి, పార్లమెంటు సభ్యుడైనాడు. 1778 ఫిబ్రవరిలో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఉత్తర సర్కారులు, వాటితో మన విశాఖ, అప్పుడు మద్రాసు క్రిందనే ఉండేవి.

అంతకు ముందే, 1775లో, లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఒక మంచి ఉత్తరువు ఇచ్చియున్నారు. ఒక సర్క్యూట్ కమిటీ సర్కారులలో తిరిగి, జమీందార్ల రాబడి ఎంత, రైతుల మీద భారమెంత అని అక్కడికక్కడే విచారించవలెనని. రంబోల్డ్ వచ్చిన కొద్ది వారాలలోనే ఆ కమిటీని నిలిపివేశాడు. జమీందార్లే మద్రాసు వచ్చి తన ఎదుట లెక్క తేల్చుకోవలెనన్నాడు. ఇప్పుడైతే రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణము. ఆనాడు పల్లకీలు, బోయీలు, పరివారము, దారి ఖర్చులు. ఇవన్నీ చివరకు ఎవరి పొలము నుండి వచ్చేవో చెప్పనక్కరలేదు. ఆ ప్రయాణము ఊరిలోని రైతుకు చేతగాదు గనుక అతని మాట వినేవారే లేకపోయారు.

విజయనగరము పూసపాటివారి ఇంట అప్పుడు అన్నదమ్ముల తగవు నడుస్తున్నది. తమ్ముడు విజయరామరాజు దత్తతవలన గద్దె ఎక్కాడు. అన్న సీతారామరాజు దివానుగా పెత్తనము చేసినవాడు. తమ్మునికి ఇష్టము లేకపోయినా రంబోల్డ్ అన్నకే మరల దివానుగిరి ఇప్పించాడు. ఇందుకు లంచము ముట్టినదని తరువాత లండనులో ఆరోపణ వచ్చింది.

ఇంతలో 1778 అక్టోబరులో ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నుండి పుదుచ్చేరి పట్టుకొన్నారు. ఆ సంతోషములో 1779 మార్చి 27న రాజుగారు రంబోల్డును బారొనెట్ చేశారు. అదే యేట ఆయన ప్రభుత్వము గుంటూరు సర్కారు విషయములో చేసిన ఒప్పందములవలన నైజాముకు, మాహె పట్టుకొనుటవలన హైదరాలీకి ఆగ్రహము కలిగింది. 1780 ఏప్రిలులో రంబోల్డ్ ఓడ ఎక్కాడు. జూలైలో హైదరాలీ కర్ణాటకము మీద పడ్డాడు. ఆ యుద్ధమునకు ఓడలో మద్రాసు పోవలెనని ఆజ్ఞ రాగా, 1780 అక్టోబరు 3న విశాఖలోని సిపాయిలు తిరుగబడి తమ అధికారులను కాల్చారు. యుద్ధమంతా ఒక్క రంబోల్డు వలననే వచ్చినదనుట న్యాయము కాదు. కాని వచ్చేనాటికి ఆయన ఇక్కడ లేడు.

1781లో కంపెనీ ఆయనను తొలగించింది. 1782లో హెన్రీ డండాస్ పార్లమెంటులో ఆయనపై శిక్షా బిల్లు తెచ్చాడు. అది సాగక 1783లో ఆగిపోయింది. నేరము రుజువు కాలేదు, బిరుదు పోలేదు. హార్ట్‌ఫర్డ్‌షైరులో కట్టించుకొన్న ఉడ్‌హాల్ భవనము ఆయన చేతిలోనే ఉన్నది. 1791లో చనిపోయాడు. మూడేండ్లకు, 1794 జూలై 10న, పేష్కషు బకాయిల తగవు ముదిరి భీమిలి వద్ద పద్మనాభములో కంపెనీ సేన విజయరామరాజును, ఆయన వెంట నిలిచిన అనేకులను చంపింది. ఆ ఉడ్‌హాల్‌ను అదే 1794లో కొన్నవాడు పాల్ బెన్‌ఫీల్డు. ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి పేరుమోసినవాడు. ఒకే గూటి పక్షులు!

రెండవ బారొనెట్ కుమారుడు జార్జి. హాంబర్గులో రాయబారిగా ఉండగా 1804లో నెపోలియను సైనికులు ఎత్తుకొనిపోయి, ప్రష్యా రాజు జోక్యముతో విడిచిపెట్టారు. మూడవవాడు సర్ విలియం మరల మన తెలుగు నేలకే వచ్చాడు. హైదరాబాదులో పామర్ కంపెనీలో భాగస్థుడైనాడు. ఆయన భార్య గవర్నరు జనరలు హేస్టింగ్స్ ప్రభువు పెంచిన పిల్ల. ఆ కంపెనీ నైజాముకు నూటికి ఇరవై నాలుగు, ఇరవై ఐదు చొప్పున వడ్డీకి అప్పులిచ్చింది. రెసిడెంటు మెట్కాఫ్ అడ్డుపడ్డాడు. ఆ బాకీ తీర్చుటకు దొరికిన సొమ్ము ఏదనుకొన్నారు? ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీ నైజాముకు యేటా ఇచ్చే 7 లక్షల పేష్కషు. దానిని 1823లో 1,16,66,666 రూపాయలకు శాశ్వతముగా తెగ్గొట్టి, ఆ మొత్తముతో అప్పు తీర్చారు. తాత జమీందార్లను మద్రాసుకు పిలిపించిన ఈ సర్కారుల పేరిటి డబ్బే, మనుమని కంపెనీ బాకీకి జమ అయినది. సర్ విలియం 1833లో హైదరాబాదులోనే మరణించాడు.

అన్నల తరువాత 1877లో ఎనిమిదవ బారొనెట్టయిన సర్ హొరేస్ రాయబారి. అదే పేరుగల ఆయన కుమారుడు, తొమ్మిదవవాడు, 1933లో బెర్లిను నుండి హిట్లరు గురించి తన ప్రభుత్వాన్ని స్పష్టముగా హెచ్చరించినవాడు. యెహెజ్కేలు 18వ అధ్యాయము చదివినవారము గనుక ముత్తాతల లెక్క వీరి ఖాతాలో మేము వేయము.

థామస్ రంబోల్డ్ కుమార్తె ఎలిజబెత్ ఆన్ తండ్రి పక్షమున ఒక గ్రంథము వ్రాసింది. ఆమె గతించిన తరువాత 1868లో అది అచ్చయింది. విల్క్స్, మిల్ అను చరిత్రకారులు తన తండ్రిని అన్యాయముగా నిందించారని ఆమె వాదన. కూతురుగా అది ఆమె ధర్మము. లంచము సంగతిలో రుజువు లేనందున మేము ఆమె మాట కాదనము. కాని కమిటీని నిలిపివేసిన ఉత్తరువు సంగతి వేరు. అది ఒకరు మోపిన నింద కాదు, ఆయన చేతిమీదుగా జరిగిన పని.

ఆ కమిటీ 1783లో మరల ఏర్పడింది. 1784లో కశింకోట ప్రాంతపు గ్రామాలను గూర్చి, రాబడిని గూర్చి నివేదిక వ్రాసింది. ఆరేండ్లు ఆలస్యముగా.