తూమును, మరువయును, త్రవ్వెడి యంత్రమును



క్రీ.శ. 1388లో హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుగొండలో నుండి, సింగాయభట్టను పిలిపించి, పెన్నానదిని ఆ పట్టణమునకు తేవలెనని ఆజ్ఞాపించెను. సింగాయభట్ట సిరువెర చెఱువునకు కాలువ తీయించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువయని పేరిడి, శాసనము వ్రాయించెను. జలసూత్రమెఱిగినవాడని ఆ శాసనమతనిని పేర్కొనుచున్నది. హిందూపురము మీదుగా పాఱు నదిని పెనుగొండవైపు త్రిప్పుట సామాన్యమా! అయినను, నీటిని తెచ్చుటకంటె తెచ్చినదానిని వలసినంత మాత్రమే విడుచుట కష్టమని నా తలంపు.

ధర్మవరము చెఱువును, బుక్కపట్టణము చెఱువును మీరెఱిగినవే. నీరు కట్టను దాటుటకు రెండు దారులు. తూములోని బిరడను నీరుగంటి ఎత్తినకొలది పైరునకు నీరు హెచ్చును. మరువ నెవ్వరును ఎత్తనక్కఱలేదు. మట్టము మించిన నీరు దానిమీదుగా తానే పొరలును. అది లేనిచో కట్ట తెగును.

నేడు పూడిక తీయుటకు వచ్చెడి యంత్రమును (ఏ కంపెనీదైనను మనవారికది జె.సి.బి.యే) చూడుడు. దాని చేతులకు బలము నూనె. ద్రవమునొత్తి గొప్ప బరువును కదలింపవచ్చునని 1795లో ఆంగ్లేయుడు జోసెఫ్ బ్రామా యంత్రము కల్పించి హక్కుపత్రము పొందెను. యంత్రములో ఇంజను పంపును త్రిప్పును, పంపు నూనెను త్రోయును. డ్రైవరు మీట కదల్పగా కవాటములోని కడ్డీ జరిగి నూనెకు దారి విడుచును. ఎంత జరిపిన నంత నూనె. ఇది తూము. దారి మూసికొని ఒత్తిడి హద్దు మీఱినచో, వేఱొక కవాటము స్ప్రింగును త్రోసికొని తెఱచుకొని నూనెను తొట్టికి మరలించును. ఇది మరువ.

ఒక చిక్కు గలదు. పంపు ఎల్లప్పుడు ఒకే కొలత త్రోసినచో, మిగిలిన నూనె ఊరక తిరిగి వచ్చును. మరువ దాటిన నూనె బలమంతయు వేడియై పోవును. డీజిలు వృథా. అందుచేత పంపునే తగ్గించు నేర్పు పుట్టినది. 1906లో అమెరికా యుద్ధనౌక వర్జీనియాలో ఫిరంగులను నడపుటకు అట్టి పంపును వాడిరి. త్రవ్వెడి యంత్రములకది చాల కాలమునకు గాని రాలేదు. పంపులో నొక వాలుపలక యుండును. వాలు హెచ్చిన ముషలకములు దూరము కదలి ఎక్కువ నూనె త్రోయును. నిలువైన దాదాపు ఏమియు త్రోయవు. చేతిమీది బరువెంతయో ఒక సన్నని గొట్టము పంపు చెంతనున్న చిన్న కవాటమునకు తెలుపగా, అది పలకను వాల్చుచు, నిలుపుచు నుండును. మట్టి గట్టియై ఒత్తిడి పెరిగినపుడు పాఱుదలను తగ్గించి, ఇంజను ఆగకుండ కాపాడు ఏర్పాటును గలదు. చెఱువే తన తూమును చూచి ఊట తగ్గించుకొన్నట్లు!

చేతికి బలము చాలలేదని కొందఱు డ్రైవర్లు మరువ కవాటపు మరను బిగింతురు. గొట్టములు పగులును, పంపు చెడును. మన యూళ్లలో రెండడుగుల నీరు ఎక్కువ నిలుచునని మరువమీద ఇసుక మూటలు పేర్చువారు చేయునదియు నిదియే. అచట పగులునది గొట్టము కాదు, కట్ట.