అవినీతికి అంకెలు ఎలా వచ్చాయి

1995లో బెర్లిన్ నుంచి 41 దేశాల పట్టిక ఒకటి వెలువడింది. అవినీతి అతి తక్కువని న్యూజిలాండ్‌ను మొదట, అతి ఎక్కువని ఇండోనేషియాను చిట్టచివర నిలబెట్టారు. ప్రపంచ బ్యాంకులో పనిచేసి బయటికొచ్చిన పీటర్ ఐగెన్ 1993లో స్థాపించిన ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ దాన్ని ప్రకటించింది. లెక్కకట్టే పద్ధతి యోహాన్ గ్రాఫ్ లాంబ్స్‌డార్ఫ్ అనే జర్మన్ ఆర్థికవేత్తది. అంతవరకు చెవులు కొరుక్కునే వ్యవహారంగా ఉన్న లంచానికి ఒక అంకె రాగానే పత్రికలకు శీర్షిక, ప్రతిపక్షాలకు ఆయుధం దొరికాయి. 2012 నుంచి నూటికి ఇన్ని మార్కులని ఇస్తున్నారు. 2023లో 39 మార్కులతో 93వ స్థానంలో ఉన్న భారత్, 2024లో 38తో 96కు దిగింది. ఒక్క మార్కు తేడా సర్వే లెక్కల్లో సహజమైన హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోతుందన్న సంగతి టీవీ చర్చల్లో ఎవరికీ పట్టదు. ఈ ముప్పై ఏళ్ల చరిత్ర చూస్తే నాకు తోచేది ఇది: దేశాలకు ర్యాంకులిచ్చే కొలత లంచం గురించి చెప్పేది కొంతే. రోడ్డు దగ్గర, కూలీ ఇంటి దగ్గర నిలబడి తీసిన కొలత దాన్ని పట్టుకోగలిగింది, కొన్నిచోట్ల తగ్గించింది కూడా.

ఆ మార్కులు వ్యాపారులను, దేశాల స్థితిగతులు అంచనా కట్టే నిపుణులను ఆధారం చేసుకున్న పలు సర్వేల సగటు. పాసుపుస్తకం కోసం చేయి తడిపిన రైతును ఈ పట్టిక కోసం ఎవరూ అడగరు. (అలా జనాన్ని అడిగే సర్వే ఒకటి అదే సంస్థ 2003లో మొదలుపెట్టింది గాని, దానికి ఇంత ప్రచారం లేదు.) అంతకంటే పెద్ద లోపం, పుచ్చుకునేవాడి దేశానికే మార్కులు తెగ్గోయడం. ఇచ్చేవాడి దేశానికి మచ్చ అంటదు. లాక్‌హీడ్ విమానాల ముడుపుల కేసులో జపాన్ మాజీ ప్రధాని కకుయెయ్ తనాకా 1976లో అరెస్టయ్యాడు. మరుసటి ఏడాదే అమెరికా, తన కంపెనీలు విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరం చేసింది. తక్కిన సంపన్న దేశాలు ఆ పని చేస్తామని ఒప్పందం రాసుకోవడానికి 1997 రావాల్సి వచ్చింది. జర్మనీలోనైతే బయటి దేశాల్లో ఇచ్చిన లంచాన్ని వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే వీలు 1999 దాకా ఉండేది. తొలి పట్టిక అచ్చయింది ఆ దేశంలోనే! ఈ లోటు గుర్తించే కాబోలు, 1999లో లంచమిచ్చే దేశాల సూచీ కూడా తెచ్చారు. 2011 తర్వాత అది మళ్లీ రాలేదు.

జనాభిప్రాయం గాలివాటం కాదు, నిప్పు లేనిదే పొగ రాదని కొందరు వాదిస్తారు. వారి పక్షాన గట్టి ఆధారమే ఉంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తల కార్లకు పడే పార్కింగ్ జరిమానాలను రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్తలు లెక్కతీశారు. వీధులు అవే, చట్టం అదే, దౌత్య రక్షణ వల్ల అప్పట్లో ఎవరూ వసూలు చేయలేకపోయేవారు. 1997–2002 మధ్య కట్టకుండా వదిలేసినవి లక్షన్నరకు పైనే. కువైట్, ఈజిప్టు వారివి కుప్పలుగా తేలితే, స్వీడన్, నార్వే వారివి లేనే లేవు. సూచీల్లో చెడ్డపేరున్న దేశాల వాళ్లే ఇక్కడా ఎక్కువగా దొరికారు. అంతమాత్రాన అవినీతి ఒక జాతి నెత్తురులోనే ఉందని తీర్పు చెప్పేయలేం. 2002 చివర్లో, బకాయిలు పెట్టినవారి దౌత్య నంబర్ ప్లేట్లు లాక్కునే అధికారం నగరానికి రాగానే ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి. అలవాటు ఇంటి నుంచి వచ్చినా, అడిగేవాడుంటే అణగిందన్నమాట.

అభిప్రాయం ఎక్కడ గురి తప్పుతుందో చూపినవాడు ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్. ఇండోనేషియాలో, జావా దీవిలోని 600కు పైగా గ్రామాల్లో కొత్తగా వేసిన రోడ్లను ఇంజనీర్ల చేత తవ్వించి, అడుగున రాయి ఎంత, ఇసుక ఎంత అని కొలిపించాడు. స్థానిక ధరలు, కూలి రేట్లు కనుక్కుని, బిల్లులో రాసిన ఖర్చుతో పోల్చాడు. ఊళ్లోవాళ్లను అడిగితే ధర పెంచి రాసిన సంగతి పసిగట్టారు గాని, పరిమాణం పెంచి రాసింది పట్టుకోలేకపోయారు. తినేవాళ్లు ఎక్కువగా తిన్నది ఆ పరిమాణంలోనే. కప్పేసిన రాళ్లను ఎవరు లెక్కపెడతారు? ప్రభుత్వ ఆడిట్ తప్పదని ముందే చెప్పిన గ్రామాల్లో మాయమైన సొమ్ము దాదాపు 8 పర్సంటేజీ పాయింట్లు తగ్గింది.

ఒకచోట తవ్విన రోడ్డుతో దేశాలను పోల్చలేం కదా అంటారు. నిజమే, పోల్చలేం. కాని ఆ పోలిక లేకపోతే ఎవరికి నష్టమో నాకు అర్థం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం చూడండి. ఉపాధి హామీ కూలి, పెన్షన్ల చెల్లింపునకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు వచ్చినప్పుడు 157 మండలాల్లో లాటరీ పద్ధతిన కొన్నింటికి ముందు, కొన్నింటికి వెనక ఇచ్చారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం, ప్రభుత్వం చెల్లించినట్టు రాసుకున్న మొత్తాన్ని, కూలీల ఇళ్లకు వెళ్లి వారి చేతికందినట్టు తెలుసుకున్న మొత్తాన్ని పక్కపక్కన పెట్టింది. కార్డులు ముందొచ్చిన చోట ఉపాధి హామీలో కైంకర్యం 41 శాతం తగ్గింది. ఉపాధి హామీ పనుల లెక్కలపై గ్రామాల్లో జరిగిన సామాజిక తనిఖీల ఫలితం ఇంత సాఫీగా లేదు. అదే రాష్ట్రంలో ఆ తనిఖీల నివేదికలను పరిశీలించిన పరిశోధకులు ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్, సులువుగా దొరికే అక్రమాలు తగ్గి, దొరకనివి పెరిగాయని తేల్చారు. తినేవాడూ కొలత నేర్చుకుంటాడు మరి. అందుకే తనిఖీ పద్ధతీ మారుతూ ఉండాలి. ఆ తనిఖీ చేసే అధికారాన్ని 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేతిలోనే పెట్టింది.