పండుగ ఎవరిది? కట్టడం ఎవరిది?

చారిత్రక కట్టడాలను గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు విషయాలు చెబుతారు. ఎవరు కట్టించారు, అది ఎంత అందంగా ఉంది. ఎవరి చేతులు కట్టాయి, లోపలికి ఎవరిని రానిచ్చారు అన్న ప్రశ్నలు వెనకబడిపోతాయి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాబట్టడానికి పండుగను మించిన సాధనం లేదు. ముందు తలుపునుంచి ఎవరు వస్తున్నారో, వెనక తలుపునుంచి పళ్లాలు పట్టుకుని ఎవరు వస్తున్నారో పండుగనాడు స్పష్టంగా కనబడుతుంది. హైదరాబాదు పాతబస్తీనీ దాని చుట్టుపట్లనూ తీసుకుని క్రిస్మస్ పండుగను ఈ దృష్టితో చూడవలసి ఉంది. పాతబస్తీలో క్రిస్మస్ ఏమిటని ఆశ్చర్యపోయేవాళ్లుంటారు. ఆ ఆశ్చర్యం కూడా మనకు నేర్పిన చరిత్ర ఫలితమే.

పాతబస్తీలో, ఉప్పుగూడలో ఆర్మీనియన్ల శ్మశానం ఉంది. గోలకొండ వజ్రాలకూ, ఈ నేల మీద నేసిన బట్టలకూ ప్రపంచమంతటా గిరాకీ ఉన్న 17వ శతాబ్దంలో ఆర్మీనియన్ వర్తకులు ఇక్కడికి వచ్చారు. వాళ్ల సమాధుల మీద వాళ్ల లిపిలో చెక్కిన అక్షరాలున్నాయి. ఆర్మీనియన్ సంఘం క్రీస్తు జననాన్ని డిసెంబరు 25న కాక జనవరి 6న జరుపుకుంటుంది. అంటే చార్మినార్ కట్టి వందేళ్లు నిండకముందే ఈ నగరం తెల్లదొరల సైన్యంతో సంబంధం లేని క్రైస్తవులను చూసింది. క్రైస్తవమంటే ఇంగ్లీషువాడు తెచ్చిన సరుకేనని వాదించేవాళ్లకు ఉప్పుగూడ రాళ్లే సమాధానం. వ్యాపారం మారింది, వర్తకులు పోయారు, పండుగ కూడా వాళ్లతో పోయింది. రాయి మిగిలింది. జనం లేని కట్టడానికి ఉత్సవం ఉండదన్న సత్యాన్ని ఆ శ్మశానం గుర్తుచేస్తుంది.

మూసీ దాటి అవతలి ఒడ్డుకు వస్తే కథ మారుతుంది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. ఆ సంధి తెచ్చిన అధికారానికి రాతిరూపమే కోఠీలోని రెసిడెన్సీ. రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803లో దాన్ని మొదలుపెట్టాడు. నమూనా యూరపుది, ఖర్చు నిజాం ఖజానాది. ఖజానాది అంటే శిస్తు కట్టిన రైతుది. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథను మనవాళ్లు ముచ్చటగా చెప్పుకుంటారు. వాళ్ల ఇద్దరు పిల్లలనూ 1805లో ఇంగ్లండు పంపేశారు. 1806లో లండనులో వాళ్లకు బాప్తిస్మమిచ్చి కొత్త పేర్లు పెట్టారు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. ఆ కథలో ప్రేమ ఎంత ఉందో సామ్రాజ్యం కూడా అంతే ఉంది.

ఇంగ్లీషువాళ్ల పాలనలో హిందుస్తానీ మాట్లాడే ఊళ్లన్నిటా క్రిస్మస్‌ను 'బడా దిన్' అన్నారు. ఆనాడు కింది ఉద్యోగులూ గుత్తేదార్లూ పళ్లు, మిఠాయిలు నింపిన బుట్టలు పట్టుకుని దొరగారి బంగళా ముందు నిలబడేవారు. ఆ బుట్టకు 'డాలీ' అని పేరు. పుచ్చుకునేవాడికి అది పండుగ కానుక, ఇచ్చేవాడికి అది దస్తూరీ. దసరాకు దొర గడీ ముందు నజరానాతో నిలబడ్డ తెలంగాణ పల్లెకు ఈ దృశ్యం కొత్తది కాదు. మతం వేరు, వర్గ సంబంధం ఒకటే. ప్రజలకు ఆ కట్టడంతో ఉన్న అసలు సంబంధం ఏమిటో 1857 జులై 17న తెలిసింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో ఆనాడు రెసిడెన్సీ మీద దాడి జరిగింది. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపి శవాన్ని బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీ అండమాన్‌లో ఖైదీగా కన్నుమూశాడు.

ఈ రెండు కట్టడాల పక్కన మూడోదాన్ని పెట్టి చూడకపోతే మన లెక్క పూర్తికాదు. అది నగరంలో లేదు. హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో మెదక్‌లో ఉంది. అయినా పాతబస్తీ నుంచి దాన్ని విడదీయలేం. ఎందుకో జనం నోట ఉన్న ఒక కథే చెబుతుంది. మెదక్ చర్చి గోపురం చార్మినార్‌ను మించిపోతోందని తెలిసి నిజాం కోపగించాడట, ఎత్తు తగ్గించమన్నాడట, సాగలేదట. ఆ గోపురం ఎత్తు 173 అడుగులు. నిజాం అన్నాడా లేదా అనేది ఇక్కడ ముఖ్యం కాదు. దొర ముందు చెప్పులు విడిచి చేతబట్టుకుని నడిచిన జనం, తమ చేతులతో లేపిన కట్టడం రాజు కట్టడంకంటే ఎత్తని చెప్పుకున్నారు. చరిత్రకారుడు గమనించవలసింది అది.

వెస్లియన్ మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన ఆ చర్చి 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే, ఆరాధనకు తెరుచుకుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కరువు కాటేసినప్పుడు పనికి తిండి అన్న పద్ధతి మీద చుట్టుపక్కల పేదలు ఈ పనిలోకి వచ్చారు. ఇక్కడ పోస్నెట్ కరుణను కీర్తించి ఊరుకునేవాళ్లున్నారు. మతమార్పిడికి ఎరగా వాడుకున్నాడని నిందించి ఊరుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ కూలివాడిని మరిచిపోయారు. ఆనాటి తెలంగాణలో మాల మాదిగలు దొర మూటలు వెట్టికి మోసేవారు. మోసినందుకు కూలి అడగడమే నేరం. మోతకు బదులు తిండి అన్నది ఈనాటి కొలతతో గొప్ప న్యాయం కాదు. కానీ వెట్టితో పోలిస్తే అది వేరే సంబంధం. తన చెమటకు ఒక విలువ ఉందని ఆ మనిషికి తెలిసింది. ఆ పైన, తను మోసిన రాతితో లేచిన గుడిలోకి తనే ముందు తలుపునుంచి నడిచి వెళ్లాడు. ఊళ్లో ఏ గుడీ అతనికి ఇవ్వని హక్కు అది.

అందుకే మెదక్ క్రిస్మస్ స్వభావమే వేరు. తెల్లవారుజామున మొదటి ఆరాధనకు పల్లెపల్లెనుంచి జనం వస్తారు. ముందురోజే వచ్చి ఆవరణలో చాపలు పరుచుకుని, వంట చేసుకుని, పిల్లలను పడుకోబెట్టుకుని రాత్రి గడిపేవాళ్లుంటారు. వాళ్లు చూడడానికి వచ్చిన యాత్రికులు కారు. కట్టినవాళ్ల వారసులు. అయితే చరిత్ర వాళ్ల దగ్గర ఒక హక్కు తీసుకుని మరొకటి ఇచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దాన్ని విస్తరించారు. దళిత క్రైస్తవులకు విస్తరించలేదు. చర్చి మెట్లెక్కితే కులం పోయిందని చట్టం అంటుంది. ఊరికి తిరిగి వెళితే పోలేదని ఊరు అంటుంది. తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం ఏటా క్రిస్మస్ విందు ఇస్తోంది, పేదలకు బట్టలు పంచింది. బట్టలు పంచడం సులభం, హక్కు పంచడం కష్టం.

ఇప్పుడు మళ్లీ పాతబస్తీకి వద్దాం. ఫలక్‌నుమా కొండ మీద వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి సుమారు పదేళ్లలో పూర్తిచేసిన మహలు ఉంది. కట్టించినవాడినే అప్పుల్లో ముంచి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల దాని ప్రత్యేకత. 2010 నుంచి అది హోటలు. డిసెంబరులో అక్కడ క్రిస్మస్ చెట్టు నిలబెడతారు, విందు పెడతారు. బల్ల చుట్టూ చోటుకు ధర ఉంటుంది. సత్రంలో చోటు దొరక్క పశువులపాకలో పుట్టిన బిడ్డ పండుగను సత్రం చోటుకు వెల కట్టి జరపడంలోని వైరుధ్యం ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టు లేదు. కొండకింద బస్తీవాళ్లకు ఆ రాత్రి కనిపించేది దీపాల వెలుగు మాత్రమే.

హోటలువాళ్లు బాగుచేయకపోతే ఆ మహలు కూలిపోయేదని వాదించవచ్చు. వాదంలో నిజం ఉంది. పాడుపడ్డ కట్టడానికి డబ్బు కావాలి, బాగుచేసే మేస్త్రీకి పని కావాలి. అయితే కట్టడాన్ని కాపాడడమూ, కట్టడాన్ని అమ్ముడు సరుకు చెయ్యడమూ ఒకటి కావు. చార్మినార్, గోలకొండ వంటి కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలకు వర్తించే 1959 నాటి నియమాలు ఈ తేడాను గుర్తించాయి. అనుమతి లేకుండా విందులు, వినోదాలు అక్కడ నిషిద్ధం. ఆచారంగా వస్తున్న మతపరమైన ఉపయోగానికి మాత్రం మినహాయింపు ఉంది. అంటే జనం వాడుక వేరు, కిరాయి వేడుక వేరు అని చట్టమే ఒప్పుకుంది. మన సాంస్కృతిక చర్చ ఇంకా ఒప్పుకోలేదు.

మరో మార్గం ఉందనడానికి కోఠీ రెసిడెన్సీయే నిదర్శనం. 1949లో ఆ భవనంలోకి మహిళా కళాశాల వచ్చింది. డాలీ బుట్టలు చూసిన మెట్ల మీద మధ్యతరగతి, పేద ఇళ్ల ఆడపిల్లలు పుస్తకాలతో కూర్చున్నారు. ఆ కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. విస్నూరు దేశముఖును ఎదిరించి పాలకుర్తిలో తన పంటను తాను ఇంటికి తెచ్చుకున్న మనిషి పేరు, కంపెనీ దొర మేడకు వచ్చింది. పేరు మార్చినంతమాత్రాన చరిత్ర మారదు. కానీ తలుపు ఎవరికి తెరుచుకోవాలో ఆ పేరు చెబుతుంది.

కనుక వారసత్వ కట్టడాల్లో పండుగ చేసుకోవచ్చా లేదా అన్న ప్రశ్నే తప్పు. పండుగ రావాలి, జనంతో రావాలి. మెదక్ రాళ్లు మోసినవాళ్ల మనుమలూ మనుమరాళ్లూ ముసలివాళ్లయ్యారు. తాతలు చెప్పిన మాటలు వాళ్ల దగ్గర ఉన్నాయి. గాజు కిటికీల అందాన్ని వర్ణించే వ్యాసాలు మనకు చాలా ఉన్నాయి. వాళ్ల మాటలను రాసిపెట్టిన పుస్తకాలు చాలా తక్కువ. మన రచయితలు వచ్చే క్రిస్మస్‌కు మెదక్ వెళితే, గోపురం కింద కాదు, ఆవరణలో పరిచిన చాపల దగ్గర కూర్చోవాలి.