జాన్ బింగ్ అడ్మిరలుపై సైనిక విచారణ (1756–57)

బ్రిటిష్ నౌకాసైన్యమున ఉన్నతాధికారులపై నడచిన విచారణలలో జాన్ బింగ్ విచారణమువలె న్యాయమూర్తుల మనస్సునే కలచివైచినది మఱియొకటి లేదు. సుప్రసిద్ధ నౌకాసేనాని జార్జి బింగ్ కుమారుడైన యీతడు బాల్యముననే నౌకాదళమున జేరి, 1727లో కెప్టెనై, 1745లో రియర్ అడ్మిరల్ పదవి నందెను.

ఈతని దుర్గతికి మూలము పూర్వపు విచారణమొకటి. 1744లో టూలాన్ యుద్ధమున యుద్ధపంక్తి కుదురుకొనకమునుపే శత్రువుపై కుఱికిన మాథ్యూస్ అడ్మిరల్ కొలువునుండి తొలగింపబడగా, పంక్తినియమము చాటున దూరముననే నిలిచిన యాతని యుపసేనాని లెస్టాక్ నిర్దోషియై వెడలెను. ఆ తీర్పు సేనానులకు నేర్పిన పాఠము ఘోరమైనది. అటుపిమ్మట 1749 నాటి శాసనము, యథాశక్తి పోరాడని యధికారికి మరణము తప్ప వేఱు దండన లేకుండ జేసెను.

1756లో ఫ్రెంచివారు ముట్టడించిన మినార్కా ద్వీపమును రక్షింప బింగ్, చాలినంతమంది నావికులైనను లేని యోడలతో పంపబడెను. మే 20వ తేదీ యుద్ధమున ముందుభాగపు నౌకలు శత్రుఫిరంగులకు గుఱియై నలిగిపోవుచుండ, ఈతడు మాథ్యూస్‌కు గలిగిన గతిని పేర్కొని, పంక్తిని వీడి ముందుకు సాగుట కంగీకరింపలేదు. నాలుగు దినముల పిదప యుద్ధసభ నడపి జిబ్రాల్టరునకు మరలెను. జూన్ మాసాంతమున మినార్కా కోట లొంగిపోయెను. ప్రజాగ్రహమును దమనుండి మరలింపగోరిన ప్రభుత్వము, ఈతని నివేదికలోని తమకు ప్రతికూలములైన భాగములను దొలగించి ప్రకటించుట మిక్కిలి గర్హనీయము.

పోర్ట్స్‌మత్ రేవున సెయింట్ జార్జి నౌకపై నెలదినములు సాగిన విచారణానంతరము, 1757 జనవరి 27న న్యాయస్థానము పిఱికితనమను నింద నిరాధారమని తేల్చియు, యథాశక్తి పోరాడలేదని నిర్ణయించి, శాసనబద్ధమై మరణదండన విధించి, దయ చూపవలసినదని యేకగ్రీవముగా వేడుకొనెను. పిట్ మంత్రి విన్నపమును సైతము రెండవ జార్జి రాజు త్రోసిపుచ్చెను. తీర్పరులలో నొకడైన కెప్పెల్, తమ రహస్యప్రమాణమును సడలింపుమని పార్లమెంటు నర్థించెను గాని ప్రభువులసభ దానిని నిరాకరించెను. మార్చి 14న మోనార్క్ నౌకపై మోకరిల్లి, చేతిరుమాలు తానే జాఱవిడిచి సంకేత మొసగిన బింగ్ తుపాకిగుండ్లకు నేలకొఱగెను.

ఇరువదిరెండేండ్లు గడచినపిదప, 1779లో, నేరస్వభావము ననుసరించి యితర దండనలను విధించు నధికారము న్యాయస్థానములకు గలుగునట్లు శాసనము సవరింపబడెను. నాటికి అడ్మిరలైన కెప్పెల్, 1778 నాటి యుషాంట్ యుద్ధమును గూర్చి తానే బోనున నిలువవలసివచ్చి, ఆ 1779 ఫిబ్రవరిలోనే నిర్దోషియని తీర్పు పొందెను.