ప్రవేశ పరీక్షలకు విద్యార్థుల సన్నద్ధత: ఉన్నత పాఠశాలలోనే తెలియవలసిన విషయాలు

ప్రవేశ పరీక్షలు అనగానే ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, శిక్షణ తరగతులు, నమూనా ప్రశ్నపత్రాలు గుర్తుకు రావడం సహజం. కాని సీటును నిర్ణయించే అంశాలలో అనేకం విద్యార్థి ఉన్నత పాఠశాలలో ఉండగానే తేలిపోతాయి. తొమ్మిదో తరగతి ఏ ప్రాంతంలో చదివారు, పదో తరగతి రికార్డులలో పేరు ఏ విధంగా నమోదయింది, ఏ ధ్రువపత్రాలు చేతిలో ఉన్నవి అన్నవి అటువంటివి. మంచి ర్యాంకు సాధించి కూడా వీటి కారణంగా నష్టపోతే సరిదిద్దుకొనేందుకు కౌన్సెలింగు నాటికి వ్యవధి ఉండదు. పాత్రికేయులు, విద్యా, రెవెన్యూ శాఖల అధికారుల ఉపయోగార్థం రెండు తెలుగు రాష్ట్రాలలోని ప్రధాన నిబంధనలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వృత్తి విద్యా ప్రవేశాలకు 1983 నాటి ప్రవేశాల క్రమబద్ధీకరణ, క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ఆధారం. రాష్ట్ర విభజన అనంతరం 2015 నుంచి తెలంగాణ తన ఎంసెట్‌ను వేరుగా నిర్వహిస్తున్నది. 2017 నుంచి ఎంబీబీఎస్, బీడీఎస్ ప్రవేశాలు పూర్తిగా నీట్ ర్యాంకుల ద్వారానే జరుగుతున్నందున 'మెడికల్' అన్న మాట పరీక్ష పేరులో నిలువలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది. పేరు ఒకటే గాని నిబంధనలు ఒకటి కావు. వార్తలలో ఈ రెండింటినీ కలిపి రాయడం వల్ల తల్లిదండ్రులు తికమకపడుతున్న సందర్భాలు తరచు కనిపిస్తున్నందున ఈ విషయం ప్రత్యేకంగా గమనింపదగినది.

ప్రధానమైన తేడా ఇంటర్మీడియట్ మార్కుల వెయిటేజి విషయంలో ఉన్నది. ఉమ్మడి రాష్ట్ర కాలం నుంచి ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్మీడియట్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం ప్రాధాన్యమిచ్చి ర్యాంకు నిర్ణయించేవారు. కొవిడ్ కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో 2021, 2022 సంవత్సరాలలో ఈ వెయిటేజిని నిలిపివేసి 2023లో పునరుద్ధరించారు. తెలంగాణ ప్రభుత్వం అదే 2023లో దీనిని రద్దు చేసింది. అనగా ఇంటర్మీడియట్ మార్కులు ఒక రాష్ట్రంలో ర్యాంకును మారుస్తాయి, మరొక రాష్ట్రంలో అర్హతకు మాత్రమే పనికివస్తాయి. ఆ అర్హత కూడా చిన్న విషయమేమీ కాదు. ఇంజనీరింగుకు గ్రూపు సబ్జెక్టులలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం మార్కులు తప్పనిసరి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటల సమయం, తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. నీట్‌లో మాత్రం ప్రతి తప్పుకు ఒక మార్కు తగ్గుతుంది. రెండు పరీక్షలూ రాసే బైపీసీ విద్యార్థులు ఒకదాని అలవాటును మరొకదానికి తీసుకుపోకూడదు.

ఇక అన్నింటికంటె జాగ్రత్త అవసరమైనది స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయింపబడతాయి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. ఇంటర్మీడియట్‌ను అర్హత పరీక్షగా తీసుకొంటే ఆ నాలుగు సంవత్సరాలు తొమ్మిదో తరగతితో మొదలవుతాయి. కౌన్సెలింగులో ఆరో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడగడానికి కారణం స్థానికత నిర్ధారణే. విభజన చట్టం కల్పించిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగియగా, రెండు రాష్ట్రాలూ తమ నిబంధనలను సవరించుకొన్నాయి.

వైద్య విద్యకు సంబంధించి తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో నిబంధనలను సవరించి, ఇంటర్మీడియట్‌తో ముగిసే నాలుగు సంవత్సరాలు ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలని నిర్దేశించింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. రాష్ట్రం వెలుపల పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులు ఉన్నప్పటికీ, ఇంటర్మీడియట్ కోసం విజయవాడ వెళ్లే ఖమ్మం విద్యార్థి సాధారణంగా ఈ నిబంధన పరిధిలోకి వస్తాడు. పదో తరగతి పూర్తయిన వేసవిలో కాలేజీ ప్రతినిధులు ఇంటికి వచ్చి ఫీజు రాయితీ గురించి వివరంగా చెబుతారు గాని స్థానికత గురించి చెప్పేవారు అరుదు. ఈ మాట ప్రధానోపాధ్యాయులే ముందుగా చెప్పవలసి ఉన్నది.

పాలమూరు, అనంతపురం వంటి ప్రాంతాల నుంచి పనుల కోసం వలస వెళ్లే కుటుంబాల పిల్లల విషయం మరింత క్లిష్టమైనది. బడి మధ్యలో మారినప్పుడు ప్రతి పాఠశాల నుంచి స్టడీ సర్టిఫికెట్ అప్పటికప్పుడు తీసుకోవడం మేలు. మూతపడిన ప్రైవేటు పాఠశాల రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తే కౌన్సెలింగు తేదీలు ఆగవు. ఏ పాఠశాలలోనూ చదవకుండా ప్రైవేటుగా పరీక్ష రాసినవారికి తహసీల్దారు జారీ చేసే నివాస ధ్రువపత్రం ఆధారమవుతుంది.

పదో తరగతి నామినల్ రోల్స్ తయారీ మరొక కీలక ఘట్టం. ఇంటిపేరు పొడి అక్షరాలలోనా పూర్తిగానా, పుట్టిన తేదీ ఏది అన్నవి ఇక్కడ నమోదైన విధంగానే మెమోలోకి వెళ్తాయి. ఆధార్‌తో తేడా ఉంటే ప్రతి దరఖాస్తులోను చిక్కే. నామినల్ రోల్స్ పంపే ముందు ప్రతిని ఇంటికి ఇచ్చి తల్లిదండ్రుల సంతకం తీసుకొంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఆర్థికంగా బలహీన వర్గాల (ఈడబ్ల్యుఎస్) ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరం వరకే చెల్లుతుంది. మార్చిలో తీసుకొన్న పత్రం జూలై కౌన్సెలింగుకు అక్కరకు రాదు. ఏప్రిల్, మే నెలలలో తహసీల్దారు కార్యాలయాలలో వీటికి ప్రత్యేక ఏర్పాట్లు చేయడం ఉచితం.

పదో తరగతితోనే నేరుగా ప్రవేశం కల్పించే మార్గాలకు పత్రికలలో తగినంత చోటు దొరకడం లేదు. పాలిసెట్ ద్వారా డిప్లొమాలో చేరినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో ప్రవేశించవచ్చు. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ట్రిపుల్ ఐటీ) ఆరేళ్ల సమీకృత కోర్సుకు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, బాసరలలో ప్రాంగణాలు ఉన్నవి. ప్రవేశాలకు పదో తరగతి ప్రతిభే ప్రాతిపదిక. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు అదనపు స్కోరు కలుపుతారు.

తెలుగు మాధ్యమంలో చదివినవారు తెలుసుకోవలసిన అంశం ఒకటున్నది. నీట్, జేఈఈ మెయిన్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష (సీయూఈటీ) తెలుగులో కూడా రాయవచ్చు. అయితే భాషను దరఖాస్తు సమయంలోనే ఎంచుకోవాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది.

ర్యాంకు వచ్చిన తరువాత వెబ్ ఆప్షన్ల దశలో జరిగే నష్టం తక్కువేమీ కాదు. లోగడ అభ్యర్థి కౌన్సెలింగు కేంద్రానికి వచ్చి, మిగిలిన సీట్లను చూసి ఎంచుకొనేవాడు. ఇప్పుడు ముందుగానే కాలేజీలను, కోర్సులను వరుసక్రమంలో ఇవ్వాలి. కంప్యూటరు ఆ వరుసలో పైనుంచి చూసుకుంటూ ర్యాంకుకు అందిన మొదటి సీటును కేటాయిస్తుంది. కనుక అందదేమో అన్న అనుమానంతో ఇష్టమైన కాలేజీని కింద పెట్టరాదు, ఇష్టంలేని దానిని లెక్క కోసం పైన పెట్టరాదు. పైన పెట్టిన కాలేజీ దక్కకపోయినా కింది ఆప్షన్లకు నష్టం లేదు. పది, పదిహేను ఆప్షన్లతో సరిపెట్టినవారికి ర్యాంకు ఉండి కూడా సీటు రాని సందర్భాలుంటాయి. గత సంవత్సరపు చివరి ర్యాంకుల వివరాలు అధికారిక వెబ్‌సైటులో ఉంటాయి. సీటు వచ్చాక నిర్ణీత తేదీలోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి కాలేజీలో హాజరు కాకపోతే అది రద్దవుతుంది. తదుపరి విడతలో వేరే సీటు వస్తే మొదటిది పోతుంది. కన్వీనర్ కోటా కింద ప్రైవేటు కాలేజీలలో ఉండేది 70 శాతం సీట్లు. యాజమాన్య కోటా, స్పాట్ ప్రవేశాలకు ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించదని తెలియక చేరినవారు తరువాత ఇబ్బంది పడుతున్నారు.

శిక్షణ సంస్థలకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం 16 సంవత్సరాలు నిండని విద్యార్థులను చేర్చుకోరాదు. అదే సంవత్సరం నవంబరులో వచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు, విజేతల ఫొటోలు వాడుకోవడానికి ఫలితాల అనంతరం వారి లిఖితపూర్వక అంగీకారం ఉండాలంటున్నాయి. ర్యాంకుల ప్రకటనలు స్వీకరించే పత్రికలు దీనిని గుర్తుంచుకోవడం మంచిది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్న విషాదం విదితమే. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవలు 14416 నంబరుపై తెలుగులోను, 24 గంటలు ఉచితంగా లభిస్తాయి. ఫలితాల రోజున ఈ నంబరును, సప్లిమెంటరీ పరీక్షల తేదీలను ర్యాంకుల వార్త పక్కనే ప్రచురించవలసినదిగా పాత్రికేయ మిత్రులకు విజ్ఞప్తి.