కాలయంత్రం ఆగని చోటు

1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్ 4న మళ్ళీ థియేటర్లకు వచ్చింది. దీనికి కొనసాగింపుగా ‘ఆదిత్య 999 మ్యాక్స్’ ఉంటుందని నందమూరి బాలకృష్ణ 2024లోనే ప్రకటించారు. కొత్తది రాకముందే పాతదాన్ని ఒకసారి పరిశీలించడం మంచిది.

దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వరాలకూ శాపాలకూ అలవాటుపడిన తెలుగు తెర మీద అద్భుతాన్ని ఒక ప్రొఫెసర్ ప్రయోగశాలలో పుట్టించడం అభ్యుదయకరమైన పనే. పేచీ అంతా ఆ యంత్రం ఎక్కడ ఆగిందన్న దగ్గరే.

చిత్రానికి ప్రేరణ హెచ్. జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’. ఆ నవలలో ఎనిమిది లక్షల ఏళ్ళ తర్వాత నేల మీద సుఖజీవులూ, నేల కింద శ్రామికుల సంతతీ బతుకుతుంటారు. వర్గ విభజన ముదిరి ముదిరి మనుషులు రెండు జాతులైపోయారు. కిందివాళ్ళు పైవాళ్ళనే తింటారు! మన చిత్రంలోనూ 2504 నాటి మనుషులు భూగర్భంలోనే ఉంటారు. అయితే అందుకు కారణం మూడో ప్రపంచయుద్ధం మిగిల్చిన అణుధార్మికత. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అప్పటికి ఐదేళ్ళే. కనుక ఆ భయం కల్పితం కాదు, చిత్రంలో విలువైన భాగం కూడా అదే. కానీ ఆ భూగర్భంలో పని ఎవరిది, ఫలితం ఎవరిది? వెల్స్ వేసిన ఈ ప్రశ్న సముద్రం దాటి వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది.

గతం సంగతీ అంతే. యంత్రం 1526కు వెళ్ళి సరాసరి కృష్ణదేవరాయల కొలువులో దిగింది. తెనాలి రామకృష్ణుడున్నాడు, రాజనర్తకి ఉంది. రైతు మాత్రం కథలోకి రాడు. చిలకలూరిపేట వాళ్ళకు రాయలు కొలువులోని రాజు మాత్రమే కాడు. దగ్గరలోని కొండవీటి కోటను ముట్టడించి, 1515లో గజపతుల నుంచి గెలుచుకున్నవాడు. ముట్టడి సాగినన్నాళ్ళూ ఆ సైన్యం ఎవరి గాదెల్లో గింజలు తిన్నది?

అసలు కథంతా నడిచేది రాయలనాటి వజ్రం చుట్టూ. దొంగ ఎవరన్నదే చిత్రానికి కావలసింది. తవ్విందెవరన్నది అక్కర్లేదు. రాయల తర్వాతి కాలంలో పేరుమోసిన కొల్లూరు గనులు మన పల్నాటివే. పదిహేడో శతాబ్దంలో వాటిని చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అక్కడ 60,000 మంది పనిచేసేవారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవారట, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారట. వజ్రాలకు పేర్లు పెట్టి దాచుకున్న చరిత్ర ఈ మనుషుల్లో ఒక్కరి పేరూ దాచలేదు. వాళ్ళు మట్టి మోసిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.